నాగార్జునకొండ ప్రదర్శనశాల: తెలుగు విద్యార్థి చూడవలసిన తీరు

ఆంధ్రదేశ చరిత్రను అభ్యసించు విద్యార్థికి శాసనములు తొలుత ముద్రిత గ్రంథములందే పరిచయమగును. గ్రంథమున శాసనపాఠ ముండును. దాని క్రింద అనువాదమును, పండితుల వ్యాఖ్యయు నుండును. ఇవి యెల్ల అవశ్యకములే. కాని కాగితముపై కెక్కిన శాసనమునకు ఎత్తు లేదు, బరువు లేదు, దిక్కు లేదు. అది కట్టడమున ఏ వైపున నిలిచినదో, చదువువాడు నిలుచుండి చదువవలసినదో వంగి చదువవలసినదో గ్రంథమును బట్టి తెలిసికొనుట కష్టము. ఈ లోటును కొంతవఱకు తీర్చునవి ప్రదర్శనశాలలు. అందును ఒక ప్రాంతపు చరిత్రనే విషయముగా గైకొనిన ప్రదర్శనశాల, ఆ ప్రాంతపు నేలకు దగ్గఱగా నున్నచో, విద్యార్థికి మిక్కిలి ఉపకరించును.

అట్టివానిలో నాగార్జునకొండ ప్రదర్శనశాల విలక్షణమైనది. ఇతర ప్రదర్శనశాలలలో శిలలు తమ స్థలమును విడిచి వచ్చినవి. ఇచ్చట శిలలు మిగిలి, స్థలము నీట మునిగినది. కావున ఈ ప్రదర్శనశాలను చూచుటకు ఒక ప్రత్యేకమైన పద్ధతి కావలెను. తెలుగు శాఖల అధ్యాపకులును పరిశోధక విద్యార్థులును ఇచ్చట గడుపు ఒక్క దినమున ఏమి చూడవలెను, చూచినదానినుండి ఎంత గ్రహించుట న్యాయము, ఎచ్చట ఆగవలెను అను విషయములను విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

కృష్ణానది కుడి యొడ్డున, పల్నాటి సీమలో, మూడు వైపుల నల్లమల కొండల శాఖలును నాలుగవ వైపున నదియు చుట్టుకొని యుండగా ఏర్పడినది ఈ లోయ. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి ఇచ్చట వెలసినది. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అతని కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, అతని కుమారుడు ఎహువుల చాంతమూలుడు, తరువాత రుద్రపురుషదత్తుడు అను నలుగురు రాజుల పేర్లు శాసనములవలన తెలియుచున్నవి. శాసనములందు కానవచ్చు స్థలనామములు శ్రీపర్వతము, విజయపురి అనునవి.

ఈ లోయ పురావస్తుశాఖ దృష్టికి వచ్చినది 1926లో. సూరపరాజు వేంకటరామయ్య అను స్థానికోపాధ్యాయుడు ఒక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలుపగా, మద్రాసు శాసనశాఖలో తెలుగు సహాయకుడైన ఏ. రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్ట్ త్రవ్వకములు జరిపెను, 1938లో టి. ఎన్. రామచంద్రన్ ఆ పనిని కొనసాగించిరి. శాసనములను ఫోగెల్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా సంపుటములలో ప్రకటించెను. ఒక పల్లెటూరి ఉపాధ్యాయుని చూపుతో ఆరంభమైన పని ఇట్లు పండితలోకమునకు చేరినది. అధ్యాపకులు గుర్తుంచుకొనదగిన విషయమిది.

1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగర నిర్మాణమునకు జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. ఆనకట్ట పూర్తియైనచో లోయ యంతయు జలమయమగునని తెలిసి, అంతకు ముందే 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున విస్తృతమైన త్రవ్వకములు ఆరంభింపబడినవి. అవి 1960 వఱకు సాగినవి. నూటికి పైగా స్థలములు త్రవ్వబడినవి. ప్రాచీన శిలాయుగము మొదలు మధ్యయుగము వఱకు మనుష్య నివాసపు జాడలు వెలువడినవి. ముప్పదికి పైగా బౌద్ధ నిర్మాణములును, పెక్కు దేవాలయములును కానవచ్చినవి. వానిలో కొన్నింటిని మాత్రము విప్పి, రాయి రాయికి గుర్తు వేసి, కొండపైకిని, కుడి యొడ్డున నున్న అనుపునకును తరలించి తిరిగి కట్టిరి. కొన్నింటికి నమూనాలు చేసిరి. మిగిలినవి నీటిక్రింద నున్నవి. ఒకప్పుడు లోయకు అంచుననున్న కొండ ఇప్పుడు ద్వీపమైనది. ఆ ద్వీపముపై ప్రదర్శనశాల 1966లో తెఱువబడినది. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ సాగరపు కాలువలకు నీరు విడిచిరి. పొలములకు నీరు వచ్చిన కాలమును, రాజధాని నీట మునిగిన కాలమును ఒక్కటియే. దీనిని గూర్చి విచారపడుటకంటె, మునుగకముందు వ్రాసి యుంచినదానిని శ్రద్ధగా చదువుట విద్యార్థికి తగిన పని.

ప్రదర్శనశాలకు విజయపురి దక్షిణపు రేవునుండి లాంచిలో పోవలెను. ప్రయాణమునకు సుమారు గంట పట్టును. లాంచి తిరిగి పోవు వేళను బట్టి చూచువారి తీరిక ఏర్పడును. సాధారణ యాత్రికులు బుద్ధ విగ్రహములను, జాతకకథలు చెక్కిన ఫలకములను చూచి ఆనందించి మరలుదురు. అది తప్పు గాదు. పల్నాటి సున్నపురాతిపై ఇక్ష్వాకు కాలపు శిల్పులు చూపిన నైపుణ్యము అట్టిది. కాని పరిశోధక విద్యార్థి లాంచి దిగగానే విగ్రహముల కడకు పోరాదు. మునిగిన లోయకు నమూనా ఇచ్చట కలదు. మొదట దాని యెదుట నిలువవలెను. నది ఎటు, కొండ ఎటు, మహాచైత్యము ఎచ్చట, కోట ఎచ్చట అనునవి మనసున నాటిన పిదపనే శిలలను చూడవలెను. తక్కిన స్థలములందు నేలను చూచి నమూనాను అర్థము చేసికొందుము. ఇచ్చట నమూనాను చూచియే నేలను ఊహించుకొనవలెను.

స్థలజ్ఞానమునకు ఇంత ప్రాముఖ్యమెందుకని ప్రశ్నింపవచ్చును. ఒక శాసనమే దీనికి సమాధానము. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున బోధిసిరి అను ఉపాసిక ఒక చైత్యగృహమును కట్టించి తామ్రపర్ణీయులైన ఆచార్యులకు సమర్పించెను. కాశ్మీర, గాంధార, చీన, తోసలి, అపరాంత, వంగ, వనవాసి, దమిళ, పలూర మొదలగు దేశముల వారిని ధర్మమునకు మరల్చినవారని ఆ ఆచార్యులు అందు కీర్తింపబడిరి. ఈ దేశనామముల పట్టికకే చరిత్రకారులు ఎక్కువ విలువ నిచ్చిరి. కాని అదే శాసనమున మఱియొక చిన్నమాట కలదు. ఆ చైత్యగృహమున్న చూళధర్మగిరి శ్రీపర్వతమున, విజయపురికి తూర్పుదిక్కున నున్నదని చెప్పబడినది. శాసనము దొఱకినది స్థానికులు నాహరాళ్లబోడు అని పిలిచిన దిబ్బపై, అర్ధవృత్తాకారమున ముగియు ఆలయపు నేలరాళ్లమీద. అనగా శాసనము తన స్థానమునందే యుండెను. కావున ఆ దిబ్బకు పడమట రాజధానిని వెదుకవలెనని తేలినది. అదే రాయి ఎవరైన ఎత్తుకొనిపోయి వేఱొకచోట పడవేసియుండినచో, "తూర్పుదిక్కున" అను మాట ఉండియు లేనట్లే యగును. శబ్దమునకు అర్థమిచ్చినది వ్యాకరణము మాత్రమే కాదు; రాయి కదలక యుండుట కూడ.

ఈ సందర్భమున అమరావతి చరిత్రను తలచుకొనుట మంచిది. అచ్చటి స్తూపమును 1797లో మెకంజీ చూచెను. 1816లో మరల వచ్చి పటములు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకములు మద్రాసునకు చేరి, వానిలో చాల భాగము 1859లో లండనునకు పంపబడినవి. నేడు అమరావతి శిల్పమును పూర్తిగా చూడదలచినవాడు లండను, చెన్నపట్టణము, అమరావతి మొదలగు ఊళ్లు తిరుగవలెను. తిరిగినను, అనేక ఫలకములు స్తూపపు ఏ భాగమున నుండెనో నిశ్చయించుట దుర్ఘటము. అమరావతి యందు నేల మిగిలినది, శిలలు చెదరినవి. నాగార్జునకొండయందు శిలలు ఒక్కచోట మిగిలినవి, నేల పోయినది. మొదటిదానిలో లోపమునకు కారణము లెక్క లేకుండ తీయుట. రెండవదానిలో లోపము అనివార్యమని ముందే తెలిసినందున లెక్కతో తీయుటకు వీలు కలిగినది. ఈ భేదమే నాగార్జునకొండ శిలలకు విశేషమైన ప్రామాణ్యము నిచ్చుచున్నది.

ఇక శాసనముల భాషకు వత్తము. వీని భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. ఇక్ష్వాకు కాలపు అక్షరములకు నిలువుగీతలు పొడవుగా సాగి, కొనలు వంపులు తిరిగియుండును. ముద్రిత పాఠమున ఈ సొగసు కనబడదు. మహాచైత్యమునకు నాలుగు దిక్కుల నున్న ఆయక వేదికలపై వేదికకు ఐదేసి చొప్పున స్తంభములు నిలిచెను. వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరపు దానశాసనములు ఈ స్తంభములపైననే చెక్కబడినవి. వానిని చదువునపుడు విద్యార్థి పాటింపవలసిన మొదటి నియమము, రాతిమీది రూపమును రాతిమీద నున్నట్లే వ్రాసికొనుట. మన చరిత్ర గ్రంథములలో శాంతమూలుడు, శాంతిశ్రీ అను రూపములు కనబడును. కొందఱు క్షాంతమూలుడనియు వ్రాసిరి. రాతిమీద నున్నవి చాంతమూల, చాంతిసిరి అను రూపములు. సంస్కృతీకరణము పండితుని ఊహ, శిలాక్షరము సాక్ష్యము. ఊహ తప్పు కాకపోవచ్చును, కాని సాక్ష్యమునకు బదులుగా దానిని నిలుపరాదు.

ఈ నియమమును పాటించినవానికి తెలుగు భాషా చరిత్రకు పనికివచ్చు మాటలు కొన్ని దొఱకును. మొదటిది "తలవర" శబ్దము. రాజకుటుంబపు స్త్రీల భర్తలలో పలువురికి "మహాతలవర" అను బిరుదు కలదు. చాంతిసిరి భర్తయైన పూకీయ వంశపు వాసిఠీపుత ఖందసిరి మహాసేనాపతియు మహాతలవరుడును. ఈ పదము సంస్కృతమునకు చెందినది కాదనియు, ద్రావిడభాషలనుండి వచ్చినదై యుండుననియు ఫోగెల్ సూచించెను. తెలుగు కావ్యములలో నగరరక్షకుడైన తలవరి మనకు పరిచితుడు. అతని వెనుక పల్లెలలో తలారి కలడు. మూడవ శతాబ్దమున రాజు మేనత్తను పెండ్లాడదగిన ప్రభువునకు చెల్లిన మాట, కాలక్రమమున ఊరికావలివానికి పేరైనది. ఒక పదవి దిగజాఱిన వేయి యేండ్ల చరిత్ర ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది. భాషాశాస్త్ర పాఠమున అర్థాపకర్షకు ఉదాహరణముగా దీనిని చెప్పవచ్చును. కాని దానికి ఆరంభబిందువైన రాతిని చూచిన విద్యార్థి దీనిని మఱవడు.

రెండవది "ఖంభ" శబ్దము. ఆయకస్తంభములను ప్రతిష్ఠించితిమని చెప్పుచోట శాసనములు ఈ మాటను వాడినవి. మన "కంబము" దీనికి బంధువు. స్తంభ శబ్దము సంస్కృతమునుండి నేరుగా వచ్చి తత్సమమైనది. కంబము ప్రాకృతపు మార్గమున వచ్చి ఇంటిమాటయైనది. రెండును నేడు తెలుగునందు నిలిచి యున్నవి. వైకృత పదములు ఎట్లు పుట్టునో వ్యాకరణ సూత్రములలో నేర్చిన విద్యార్థి, ఆ ప్రాకృతరూపము చెక్కబడిన కంబమును ఎదుట చూచుట లాభకరము.

మూడవది "అవిధవా" శబ్దము. ఇచ్చట లభించిన భగ్నమైన ఒక దేవీ విగ్రహముపై, ఎహువుల చాంతమూలుని దేవియైన ఖందువుల తన్ను అవిధవగాను, జీవత్పుత్రగాను చెప్పుకొనినది. భర్త సజీవుడు, కొడుకు సజీవుడు. ఆ భాగ్యమును తెలుపుచు ఆమె విగ్రహమును సమర్పించినది. మన "ఐదువ" ఈ అవిధవా శబ్దమునుండియే పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు, దానినుండి ముత్తైదువ. కావ్య ప్రాకృతమున ఈ పదము మధ్యనున్న ధకారము హకారముగా మాఱును. తెలుగు మాటలో మాత్రము దకారము నిలిచినది. ఈ విషయమున మన ఐదువ కావ్య ప్రాకృతరూపముకంటె ఈ రాతిమీది రూపమునకే దగ్గఱగా నున్నది. దీనినుండి ఆ మాట ఆ కాలముననే తెలుగునకు వచ్చినదని తేల్చుటకు వీలు లేదు. కాని నేటికిని పేరంటములందు పిలుపు లందుకొను మాట, ఆ భావము, ఆ శుభకామన పదునేడు శతాబ్దములకు పూర్వము కృష్ణాతీరమున ఒక రాణి చెక్కించిన పంక్తిలో కనబడుట సామాన్యవిషయము కాదు.

మాటలే కాక బంధుత్వములును శాసనములందు పరిశీలింపదగినవి. వీరపురుషదత్తుని రాణులలో బాపిసిరినిక అతని మేనత్తయైన హమ్మసిరినిక కూతురు. చాంతిసిరి కూడ అతనికి మేనత్తయే. 6వ సంవత్సరపు శాసనములలో ఆమె రాజునకు మేనత్తగా మాత్రమే కనబడును. 18వ సంవత్సరపు చైత్యగృహ శాసనమున అతనిని తన అల్లునిగా పేర్కొనెను. ఈ రెండు తేదీల నడుమ ఆమె కూతురిని రాజు వివాహమాడి యుండునని ఫోగెల్ ఊహించెను. మేనరికమును గూర్చి ధర్మశాస్త్రకారులు దక్షిణాపథపు ఆచారమని ప్రత్యేకముగా వ్రాసిరి. దానికి రాజకుటుంబమునందు తేదీతో కూడిన సాక్ష్యము ఇచ్చట దొఱకుచున్నది. రెండు రాళ్లను వేఱువేఱుగా చదివినచో ఈ విషయము తేలదు. రెండింటి సంవత్సరములను ప్రక్కప్రక్కన వ్రాసికొనినపుడే తేలును.

దాతలలో స్త్రీల ప్రాధాన్యము గూడ గమనింపదగినది. చాంతమూలుడు అగ్నిష్టోమ వాజపేయ అశ్వమేధములు చేసినవాడు, మహాసేనుని భక్తుడు. అతని చెల్లెండ్రును, కూతురు అడవి చాంతిసిరియు, కోడండ్రును బౌద్ధ నిర్మాణములకు దానములు చేసిరి. ఉజ్జయినీ రాజపుత్రికయైన రుద్రధరభట్టారిక పేరును ఆయక స్తంభముపై కలదు. వీరపురుషదత్తుని దేవి భటిదేవ బహుశ్రుతీయ శాఖ వారికి విహారము కట్టించెను. వనవాసి మహారాజు భార్యయై, ఎహువులుని సోదరియైన కొదబలిసిరి మహీశాసక శాఖ వారికి మఱియొక విహారము నిచ్చెను. పురుషులు వైదికులు, స్త్రీలు బౌద్ధులు అని ఒక్క వాక్యమున తేల్చుట పాఠ్యపుస్తకములందు వాడుక. సాక్ష్యము అంత సులభమైనది కాదు. ఒక కుటుంబమున రెండు ధర్మములు కలహము లేక ఇమిడియుండెనని మాత్రము ధైర్యముగా చెప్పవచ్చును. సామాన్యజనుల జాడలును లేకపోలేదు. తమలపాకుల వర్తకుల శ్రేణియు, పిండివంటలవారి శ్రేణియు అక్షయనీవిగా ధనము నుంచుకొని ధర్మకార్యమునకు వడ్డీ చెల్లించునట్లు ఒక శాసనము చెప్పుచున్నది.

ఛాయాస్తంభములు ఇచ్చటి మఱియొక విశేషము. మృతుల జ్ఞాపకార్థము నిలిపిన స్తంభములివి. వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున చాంతమూలుని స్మృత్యర్థము అతని తల్లులును, సోదరీమణులును, దేవేరులును కలిసి ఒక స్తంభమును నిలిపిరి. రాజులకే కాక సేనానులకును, యుద్ధమున పడిన భటులకును, శిల్పుల పెద్దకును ఇట్టివి నిలుపబడినవి. అదే పల్నాటి సీమలో మధ్యయుగమున వీరులకు శిలలు నిలిపి కొలుచు ఆచారము ప్రసిద్ధము. ఛాయాస్తంభమునుండి వీరగల్లు పుట్టినదని చెప్పుటకు నడుమ శతాబ్దముల సాక్ష్యము కావలెను. కాని పల్నాటి వీరుల కథను పాఠముగా చెప్పు అధ్యాపకుడు ఈ స్తంభములను చూచి యుండవలెను. చనిపోయినవానిని రాతిలో నిలుపుకొను కోరిక ఆ సీమలో ఎంత ప్రాతదో అప్పుడు తెలియును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. స్వభాషాభిమానముచేత ఈ శాసనములలో తెలుగును వెదుకు ఉత్సాహము సహజము. కాని వీనిలో ఒక్క తెలుగు వాక్యమును లేదు. ఉన్నవి పేర్లు, బిరుదులు, సంస్కృత ప్రాకృతములకు లొంగని కొన్ని శబ్దములు. "ఎహువుల" అను పేరే అట్టిది. హిరణ్యక వంశపు మహాసేనాపతి "ఖందచలికిరెమ్మణక" పేరు మఱియొకటి. ఈ పేరును పలువురు పలువిధముల విఱిచిరి. "చలికి" అను భాగము చాళుక్య శబ్దమునకు పూర్వరూపమని ఒక అభిప్రాయము. అక్షరసామ్యము తప్ప దానికి వేఱు బలము లేదు. అట్టి పేరును చూచి తెలుగు ప్రాచీనతను చాటుట ఎంత దుడుకో, వానిని పట్టించుకొనక విడుచుట అంత అలసత్వము. పేర్లను పేర్లుగా, రూపముతోను తేదీతోను, దొఱకిన స్థలముతోను కూర్చి పట్టిక చేయుట సరియైన మార్గము. తెలుగు వాక్యము శిలపైకి ఎక్కుటకు మఱి మూడు శతాబ్దములు పట్టినది. రేనాటి చోళుల శాసనముల కాలమునకు గాని అది స్పష్టముగా కనబడదు. దానికి పూర్వపు మౌనములో వినవచ్చు కొలది మాటలను సొంత గొంతుతో ముంచివేయరాదు.

పట్టికలు ఎంత జాగ్రత్తతో చేసినను క్రొత్త ఆధారములు వచ్చినపుడు దిద్దబడవలెను. ఎహువులుని 11వ రాజ్యసంవత్సరపు సర్వదేవాలయ శాసనము, ఎలిశ్రీ కట్టించిన గుడికి సంబంధించినది, సంస్కృతమున నున్నది. దక్షిణదేశపు మొదటి సంస్కృత శాసనముగా అది చాలకాలము పరిగణింపబడెను. గుంటూరు జిల్లా చేబ్రోలునందు లభించిన శాతవాహన విజయుని 5వ రాజ్యసంవత్సరపు సంస్కృత శాసనమును 2019లో పురావస్తుశాఖ ప్రకటించినందున ఆ గౌరవము దానికి సంక్రమించినది. అట్లే రుద్రపురుషదత్తుని పాలన 11 సంవత్సరములని తలచుచుండగా, తెలంగాణమున సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో అతని 18వ సంవత్సరపు శాసనము బయల్పడినది. పల్నాటి లోయలో మునిగినదానికి సమాధానము తెలంగాణపు కొండపై దొఱకుచున్నది. ప్రాంతీయ చరిత్ర యనగా ప్రాంతమును గోడగా నిలుపుట కాదని దీనివలన తెలియవలెను.

తరలింపబడనిదానిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. రాయి తరలింపదగినది. ఇటుక గోడలో కొంతయే తరలును. మట్టిపొరలు తరలవు. ఏ కుండపెంకు ఏ పొరలో దొఱకినదో తెలుపుటకు నేడు త్రవ్వకపు వివరణగ్రంథము తప్ప వేఱు గతి లేదు. 1960లో ముగిసిన త్రవ్వకములకు మొదటి వివరణ సంపుటము 1975లోను, చారిత్రక యుగమునకు సంబంధించిన రెండవ సంపుటము 2006లోను వెలువడినవి. నలువది యాఱు సంవత్సరముల నిరీక్షణ. ఈ సంపుటములు లేక ప్రదర్శనశాల సగమే. మన శాఖల గ్రంథాలయములందు అవి ఉన్నవా యని విచారించుట యాత్రకు ముందు చేయవలసిన పని.

మఱియొక నష్టము ప్రత్యేకముగా మనది. లోయతో పాటు లోయలోని తెలుగు స్థలనామములును మునిగినవి. నాహరాళ్లబోడు, పుల్లారెడ్డిగూడెము మొదలైన పేర్లు నేడు ఆ వివరణములందును, పటములందును మాత్రమే ఆంగ్ల లిపిలో బ్రతికియున్నవి. పలికిన జనులు ఇతర స్థలములకు పోయిరి. పురావస్తు శాస్త్రజ్ఞునికి అవి స్థలమును గుర్తించుటకు ఉపయోగించిన చీటీలు. తెలుగు విద్యార్థికి అవియే విషయము. బోడు, గూడెము, బండ, రేవు అను మాటలతో ఆ జనులు తమ నేలను ఎట్లు విభజించుకొనిరో, లాంగ్‌హర్‌స్ట్ మొదలు సుబ్రహ్మణ్యం వఱకు గల వివరణములనుండి ఏఱి, పటముతో సరిచూచి, తెలుగు లిపిలో ఒక సూచిక కూర్పదగును. ఆ ప్రాంతమునుండి కదలివచ్చిన కుటుంబముల వృద్ధులు ఉన్నంతవఱకే ఉచ్చారణమును సరిచూచుకొనుట సాధ్యము. ఈ పని పురావస్తుశాఖది కాదు. మనది.

కావున ఒక్కదినపు యాత్రను ఇట్లు ఏర్పఱుచుకొనవచ్చును. యాత్రకు ముందు వారమున ఫోగెల్ ప్రకటించిన శాసనములలో మూడింటిని తరగతిలో చదువవలెను: చాంతిసిరి స్తంభశాసనము, బోధిసిరి శాసనము, చాంతమూలుని ఛాయాస్తంభశాసనము. ఉదయము ద్వీపము చేరగానే నమూనా యెదుట అరగంట గడుపవలెను. పిమ్మట ప్రతి విద్యార్థియు ఒక్క శిలను మాత్రమే గైకొని, దాని రూపమును, కొలతను, అక్షరముల తీరును, దొఱకిన స్థలమును వ్రాసికొనవలెను. పది శిలలను చూచి మఱచుటకంటె ఒక్కదానిని చూచి నిలుపుకొనుట మేలు. దొఱకిన స్థలము వ్రాయని ఛాయాచిత్రము ఇంటి గోడకు పనికివచ్చును గాని పరిశోధనకు పనికిరాదు. మధ్యాహ్నము కొండపై తిరిగి కట్టిన నిర్మాణములను చూచి, ఏది అసలు రాతితో కట్టినదో ఏది నమూనాయో వేఱుపఱుచుకొనవలెను. తిరుగు లాంచి దిగిన పిదప పొద్దుండినచో అనుపు చేరి, అచ్చటికి తరలించిన విహారమును, మెట్లు గల రంగస్థలమును చూడవలెను. ఆ మెట్లపై కూర్చుండి ఉదయము వ్రాసినదానిని ఒక్కొక్కరు చదివి వినిపించినచో, దోషములు అప్పుడే బయల్పడును.

ఈ యాత్రవలన కలుగు ఫలము క్రొత్త శాసనమును కనుగొనుట కాకపోవచ్చును. శబ్దమును చూచినపుడు అది ఏ రాతిమీదిది, ఆ రాయి ఎచ్చటిది, ఆ సంవత్సరమేది అని అడుగు అలవాటు కలుగును. తలారి, కంబము, ఐదువ అను మాటలను మనము ప్రతిదినము పలుకుచున్నాము. వాని పూర్వరూపములు చెక్కిన రాళ్లు నది నడుమ ఒక కొండపై భద్రముగా నున్నవి. వాని క్రింది నేల మఱి కనబడదు. ఆ నేలను గూర్చి మిగిలిన వ్రాతను చదివి, వ్రాతలో మిగిలిన పేర్లను తెలుగునకు తిరిగి తెచ్చుకొనుట ఈ తరపు తెలుగు శాఖలు చేయదగిన కార్యము. ఆలస్యమైనచో ఆ పేర్లను సరిగా పలుకగలవారు ఉండరు.